ఇరవై వేల నోటు అనుకుని ఐదు లక్షల నోటు ఇచ్చేశాను

ఈ వారం ఉత్తరం ఆరు పేజీలుంది. రాసినావిడ పేరు వద్దన్నారు. ఏ ఊరో, ఏ దేశమో కూడా చెప్పలేదు. లెక్కలు మాత్రం డాలర్లలో వేసి, రెండు రసీదుల ఫొటోలు కూడా జతచేసి పంపారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

పోయినేడాది ఈవిడ, భర్త, వాళ్ల పాప, భర్త అన్నగారి కుటుంబం నలుగురు కలిసి వారం రోజులు వియత్నాం వెళ్లొచ్చారు. అందరికీ అదే మొదటి విదేశీ ప్రయాణం. ‘లెక్కలు నీకు బాగా వచ్చు కదా’ అని డబ్బు వ్యవహారం ఈవిడకు అప్పగించారు. మొదటి రాత్రే టాక్సీ దిగుతూ, పార్కింగ్ ఫీజు కోసం 20,000 డాంగ్‌ల నోటు అనుకుని 5,00,000 నోటు డ్రైవరు చేతిలో పెట్టేశారు. రెండూ నీలం రంగువే. కారు వెళ్లిపోయాక గానీ తెలియలేదు. ఇక వారమంతా అదే జోకు. పర్సు తీసినప్పుడల్లా ‘చూసి ఇవ్వమ్మా, ఐదు లక్షలు’ అని బావగారు, వెనకనుంచి నవ్వులు.

దొంగల భయంతో ఎక్కువ నగదు దగ్గర ఉంచుకోకుండా ఏటీఎంలో కొంచెం కొంచెంగా తీశారు. ఐదుసార్లు, ప్రతిసారీ 20 లక్షల డాంగ్‌లు. తీసిన ప్రతిసారీ వాళ్ల బ్యాంకు 5 డాలర్ల ఫీజు వేసింది. నాలుగో రోజు రాత్రి భోజనాల దగ్గర డెబిట్ కార్డు చెల్లలేదు, ఖాతాలో డబ్బుందని తెలిసినా. హోటల్ బిల్లు మొత్తం వీళ్ల క్రెడిట్ కార్డు మీదే కట్టారు. ఇంటికొచ్చాక పంచుకునే లెక్క దగ్గర తోడికోడలికీ ఈవిడకీ తేడా వచ్చింది. కార్డు స్టేట్‌మెంట్ ప్రకారం ఈవిడ సగం అడిగితే, ఆవిడ ఇంటర్నెట్‌లో రేటు చూసి ‘అంత అవ్వదే’ అని తన లెక్క ప్రకారం పంపారు. అప్పటినుంచి మాటలున్నాయి గానీ మునుపటిలా లేవు. ఇంకో రెండు నెలల్లో ఇవే రెండు కుటుంబాలు జపాన్ వెళ్తున్నాయి, టికెట్లు కూడా కొనేశారు. ‘ఈసారి డబ్బు నేను చూసుకుంటాను, నీకు టెన్షన్ ఎందుకు’ అన్నారట భర్త. ‘ఆ మాటలో ప్రేమ ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో తెలియడం లేదు. నగదు తీసుకెళ్లాలా, కార్డా? రోజుకు ఇంతని బడ్జెట్ వేసుకున్నా నిలవలేదు, ఎలా వేసుకోవాలి? పంపకాలు ఎలా? అసలు డబ్బు నా చేతిలో ఉండాలా వద్దా?’ ఇవీ ఆవిడ ప్రశ్నలు.

* * *

మీ ఉత్తరంలో ఐదో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు. ‘హోటల్లో కార్డు పెట్టినప్పుడు మెషీన్ మీద డాంగ్‌లా, డాలర్లా అని అడిగింది. మనకు అర్థమయ్యేదే మంచిదిగా అని మా వారు డాలర్లు నొక్కారు.’ అది చదవగానే మొదటి పేజీలోని ఐదు లక్షల నోటు కథ నాకు చిన్నదైపోయింది.

మీరు పంపిన రసీదు ఫొటోను పెద్దది చేసి చూడండి. పైన 2,60,00,000 డాంగ్‌లు, కింద 1,065 డాలర్లు. ఇంకా కింద, సన్నటి అక్షరాల్లో మారకం రేటు ఉంది: డాలరుకు 24,413. మీ తోడికోడలు ఇంటర్నెట్‌లో చూసిన రేటు 26,000 అని మీరే రాశారు. ఆ రేటున అదే బిల్లు సరిగ్గా 1,000 డాలర్లు. ఒక్క బటన్ నొక్కినందుకు 65 డాలర్ల దాకా పోయాయి. బిల్లు సొంత కరెన్సీలో కనిపిస్తే మనసుకు హాయిగా ఉంటుంది, ఆ హాయికి ధర ఇది. అలా అడిగినప్పుడు మారకం చేసేది మన బ్యాంకు కాదు, ఆ దుకాణం వైపు ఉండే సంస్థ. రేటు దాని ఇష్టం, మార్జిన్ దానిదే. స్థానిక కరెన్సీ ఎంచుకుని ఉంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ రేటు పడేది. అది బజారు రేటుకు చాలా దగ్గరగా ఉంటుంది. దానిమీద మీ బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము వేస్తుంది. చాలా కార్డులకు అది 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. 3.5 శాతం వేసుకున్నా 1,035 అయ్యేది.

ఇప్పుడు మూడు నష్టాలనూ పక్కపక్కన పెట్టండి. హోటల్ బటన్ మీ కార్డు రుసుమును బట్టి 30 నుంచి 65 డాలర్లు, ఏటీఎం ఫీజులు 25, టాక్సీ నోటు పొరపాటు 4,80,000 డాంగ్‌లు, అంటే పద్దెనిమిదిన్నర డాలర్లు. వారమంతా అందరూ నవ్వింది వీటన్నిటిలో చిన్నదాన్ని చూసి. పెద్దదాన్ని చేసినవారు ఇప్పుడు డబ్బు తానే చూసుకుంటానంటున్నారు. ఆయన్ని దోషిగా నిలబెట్టడానికి చెప్పడం లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే నొక్కేవారు, ఆ ప్రశ్న అడిగే తీరే అలా ఉంటుంది. నోటు పోతే కళ్లముందు పోతుంది, అందరూ చూస్తారు. రేటులో పోయింది ఎవరికీ కనిపించదు. మీ ఇంట్లో జరిగిన గొడవంతా ఈ తేడాలోంచి పుట్టిందే.

ఏటీఎం దగ్గర కూడా ఇదే ప్రశ్న వేరే మాటల్లో వస్తుంది: ‘కన్వర్షన్‌తో కొనసాగించాలా, కన్వర్షన్ లేకుండానా?’ వద్దంటే డబ్బు రాదేమో, లావాదేవీ రద్దవుతుందేమో అని భయపడి చాలామంది సరేనంటారు. వద్దన్నా డబ్బు వస్తుంది. దుకాణంలోనో హోటల్లోనో పొరపాటున మీ కరెన్సీ నొక్కేస్తే కౌంటరు వదలక ముందే ఆ లావాదేవీ రద్దు చేసి, స్థానిక కరెన్సీలో మళ్లీ చేయమని అడగండి. ఎంచుకునే హక్కు కార్డుదారుదే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మరుసటి రోజు వెళ్లి అడిగితే మాత్రం పని అవ్వడం కష్టం.

నాలుగో రోజు కార్డు చెల్లకపోవడం గురించి. హోటల్లో చెక్-ఇన్ చేసినప్పుడు అదే డెబిట్ కార్డు ఇచ్చామని రాశారు కదా. గదికి ఏమైనా నష్టం జరిగితే అని వాళ్లు కొంత సొమ్మును ‘హోల్డ్’ చేసి ఉంచుతారు. అది బిల్లు కాదు, కానీ అంతమేరకు మీ డబ్బు మీకు అందకుండా ఆగిపోతుంది. గది ఖాళీ చేశాక కూడా వదలడానికి రోజులు పట్టవచ్చు. అద్దె కార్లవాళ్లూ ఇదే చేస్తారు. అందుకే ఇలాంటి చోట్ల క్రెడిట్ కార్డు ఇవ్వాలి, డెబిట్ కార్డును ఏటీఎం కోసమే ఉంచుకోవాలి. మీరు బ్యాంకును తిట్టుకుంటూ రెండు పేరాలు రాశారు గానీ, ఈ ఒక్క విషయంలో బ్యాంకు తప్పేమీ లేదనిపిస్తోంది.

ఇక జపాన్. ‘నగదా, కార్డా’ అని అడిగారు. మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి, దేని తలనొప్పి దానిదే.

మొత్తం యెన్‌లు ముందే కొనుక్కుని వెళ్లడం ఒకటి. ఇంట్లో తీరిగ్గా నాలుగు చోట్ల రేట్లు పోల్చుకోవచ్చు. దిగగానే కంగారుండదు. కానీ ఏడుగురి వారం ఖర్చు ఒక సంచిలో పెట్టుకు తిరగాలి. ఇప్పటికే దొంగల భయం ఉన్న మీకు ఆ వారమంతా నిద్ర పట్టదు. మిగిలితే తిరిగి అమ్మేటప్పుడు ఇంకోసారి నష్టం. కొనేచోట ‘కమిషన్ లేదు’ అన్న బోర్డు చూసి మురిసిపోవద్దు. వాళ్లు అమ్మే రేటు, కొనే రేటు రెండూ అడగండి. ఆ రెంటి మధ్య దూరమే వాళ్ల కమిషన్. దూరం ఎక్కువుంటే పక్క దుకాణానికి వెళ్లండి. విమానాశ్రయం కౌంటర్లలో ఈ దూరం తరచు ఎక్కువే ఉంటుంది.

ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు ఇంకొకటి. రేటు ముందే ఖాయమవుతుంది, కార్డు పోయినా మీ అసలు ఖాతాకు ముప్పుండదు. మీలాంటి వాళ్లకు మనశ్శాంతినిచ్చే ఏర్పాటే. అయితే కొనే ముందు ఒక్క మాట అడగండి: ఇందులో యెన్‌లే నింపవచ్చా? డాలర్లు నింపిన కార్డుతో యెన్‌లలో ఖర్చుపెడితే ప్రతి ఖర్చుకూ ఇంకో మారకం, ఇంకో రుసుము. రేటు ఖాయం చేసుకున్న ఆనందం అక్కడే ఆవిరైపోతుంది. మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఫీజు ఎంతో కూడా అప్పుడే తెలుసుకోండి.

దిగాక ఏటీఎంలో తీసుకోవడం మూడోది. జపాన్‌లో అన్ని బ్యాంకుల ఏటీఎంలూ విదేశీ కార్డులు తీసుకోవు. సెవెన్-ఎలెవన్ దుకాణాల్లోవీ, పోస్టాఫీసులవీ తీసుకుంటాయి. ఇక్కడ మీ పాత పద్ధతి తిరగేయాలి. ఫీజు ప్రతిసారీ ఒకేలా పడుతున్నప్పుడు తక్కువ తక్కువగా తీయడం చిల్లుకుండలో నీళ్లు మోయడమే. రెండుసార్లు, కాస్త ఎక్కువ మొత్తం తీసి, సగం హోటల్ లాకర్లో పెట్టండి. కార్డుకు అక్కడ రోజుకు ఎంత పరిమితి ఉందో, విదేశీ వాడకం ఆన్ చేసి ఉందో లేదో బయల్దేరక ముందే చూసుకోవాలి. ఓటీపీ మీ పాత సిమ్‌కే వస్తుందన్న సంగతి మర్చిపోకండి. అక్కడి సిమ్ వేసుకుని పాతదాన్ని సూట్‌కేసులో పడేస్తే, ఆన్‌లైన్‌లో ఏ టికెట్టూ కొనలేరు.

నేనైతే ఇవి కలిపి వాడతాను. మొదటి రోజుకూ రెండో రోజుకూ సరిపడా నగదు ఇంటినుంచే తీసుకెళతాను. హోటళ్లకూ పెద్ద దుకాణాలకూ క్రెడిట్ కార్డు, మిగతా నగదు అక్కడి ఏటీఎంలో. రెండో కార్డు వేరే మనిషి బ్యాగులో ఉంటుంది. జపాన్‌లో కార్డులు బాగానే నడుస్తున్నాయి గానీ, చిన్న హోటళ్లు, టోకెన్ మెషీన్లు, గుళ్ల దగ్గర ఇంకా నగదే అడుగుతారు. కాబట్టి పూర్తిగా కార్డు మీద ఆధారపడితే ఏదో ఒక పూట ఇబ్బంది పడతారు.

నోట్ల గందరగోళం మళ్లీ వస్తుందని భయపడుతున్నారు. యెన్‌లో ఆ ఇబ్బంది తక్కువ. వెయ్యి, ఐదు వేలు, పదివేల నోట్లే ఎక్కువగా చేతిలోకి వస్తాయి. 2024 జులై 3న ఈ మూడూ కొత్త బొమ్మలతో వచ్చాయి, పాతవీ చెల్లుతాయి. ఒకే విలువకు రెండు రూపాలు కనిపిస్తే దొంగనోటు అనుకుని కంగారు పడకండి. అక్కడ అసలు చిక్కు నాణేలతో. 500 యెన్‌ల దాకా నాణేలే. నాణెం కదా అని చిల్లరలా చూస్తే పొద్దుపోయేసరికి జేబులో ఒక పూట భోజనం డబ్బు మూలుగుతుంటుంది. ఐదు యెన్‌ల నాణెం మీద అంకె ఉండదు, జపనీస్ అక్షరమే ఉంటుంది. మధ్యలో చిల్లు, పసుపు రంగు. అదే గుర్తు. ఆ నాణేలను మీ పాప చేతికివ్వండి. వారంలో ఇంట్లో అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుస్తాయి. నాణేలను తిరిగొచ్చాక ఎవరూ మార్చరు, అక్కడే ఖర్చుపెట్టేయాలి.

వెళ్లేముందు ఒక రాత్రి రెండు కుటుంబాలూ కూర్చుని నోట్లు బల్లమీద పరిచి చూసుకోండి. వియత్నాం నోట్లను మీరు మొదటిసారి చూసింది అర్ధరాత్రి, టాక్సీలో, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని. ఆ వెలుతురులో ఎవరైనా తడబడతారు. అక్కడివాళ్లే మూడు సున్నాలు మింగేసి మాట్లాడుకుంటారు, మెనూ కార్డుల మీద 50,000కు బదులు 50కె అని రాస్తారు. నేను ఒకసారి లండన్‌లో బస్సు పాసు కోసం దర్జాగా కాగితపు ఇరవై పౌండ్ల నోటు తీశాను, పాత ప్రయాణంలో మిగిలి డ్రాయరులో దాచుకున్నది. కౌంటర్లో అమ్మాయి దాన్ని పురావస్తువును చూసినట్టు చూసింది. ఆ కాగితపు నోట్లు 2022 సెప్టెంబరు 30తోనే చెలామణీలోంచి పోయాయట. వెనక క్యూలో పదిమంది. కాబట్టి ఐదు లక్షల నోటు గురించి నా దగ్గర మీరు సిగ్గుపడక్కర్లేదు.

బడ్జెట్ ఎందుకు నిలవలేదో మీ కాగితం చూస్తేనే తెలుస్తోంది. మొత్తాన్ని ఏడుతో భాగించి ‘రోజుకు ఇంత’ అన్నారు. మొదటి రోజు సిమ్‌లు, టాక్సీ, అడ్వాన్సులు కలిసి రెండున్నర రోజుల డబ్బు అయిపోయింది. రెండో రోజు పడవ ప్రయాణం. మూడో రోజునుంచి రాయడమే మానేశారు. రోజులు ఒకేలా ఉండవమ్మా. ముందే కట్టేసిన టికెట్లు, గదులు ఈ లెక్కలోంచి తీసేయండి. పెద్ద ముచ్చట్లు నాలుగో ఐదో ఉంటాయి. పార్కు, రైలు, కొనుగోళ్లు లాంటివి. వాటికి విడిగా ఒక్కోదానికి డబ్బు కేటాయించండి. మొదటి రోజుకు విడిగా కొంత. మొత్తంలో పదో వంతు ఎవరూ ముట్టుకోని సొమ్ము, అనారోగ్యానికో తప్పిపోయిన రైలుకో. మిగిలినదే రోజువారీ తిండికీ తిరుగుడుకూ. దాన్ని రోజులతో భాగిస్తే వచ్చే అంకె నిజమైనది. ఒకరోజు మించితే మరుసటి రోజు అంకె మారుతుంది, అంతే. పుస్తకం మూసేయక్కర్లేదు.

అన్నిటికంటే సున్నితమైనది పంపకం. మీరిద్దరూ నిజమే చెప్పారు. మీరు కార్డు మీద పడిన 1,065లో సగం 532.50 అడిగారు. ఆవిడ 500 పంపారు. ఇంటర్నెట్‌లో కనిపించేది బ్యాంకులు తమలో తాము మార్చుకునే రేటుకు దగ్గరగా ఉండే నడిమి రేటు. ఆ రేటుకు మీకూ నాకూ ఎవరూ ఇవ్వరు. ఆ విషయం ఆవిడకు తెలియదు. మీ లెక్క ఎందుకు ఎక్కువైందో మీకూ తెలియదు. ఆవిడకు మీరు కలిపి చెప్పారనిపించింది, మీకు ఆవిడ ఎగ్గొట్టారనిపించింది.

ఈసారికి మూడు పద్ధతులు ఆలోచించండి. రెండు కుటుంబాలూ సమానంగా వేసి ఒక ఉమ్మడి సంచి పెట్టుకోవడం సులువు, అడుగడుగునా లెక్క ఉండదు. కానీ మీరు ముగ్గురు, వాళ్లు నలుగురు. టాక్సీకి, గదులకు సగం సగం బాగుంటుంది. భోజనాలకు అలా చేస్తే నాలుగో రోజుకు మీ మనసులో ఒక మూల లెక్క మొదలవుతుంది. సంచిని టాక్సీలకూ రైళ్లకూ పరిమితం చేసి, భోజనాలు తలల లెక్కన వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఎవరి ఖర్చు వాళ్లు అక్కడికక్కడే పెట్టుకోవడం రెండో పద్ధతి. లెక్క శుభ్రం గానీ, ప్రతి బిల్లు దగ్గరా రెండు పర్సులు తీస్తుంటే ప్రయాణం కాస్త పొడిపొడిగా ఉంటుంది. మూడోది పోయినసారిలా ఒకరే కట్టి తర్వాత పంచుకోవడం. దీనికి వెళ్లకముందే ఒక మాట ఖాయం కావాలి: ‘రేటు ఏదంటే కార్డు స్టేట్‌మెంట్‌లో పడిందే’. అనుకున్నాక ఇంటర్నెట్ తెరవకూడదు. మీ విషయంలో నా మొగ్గు మొదటిదాని వైపే, పైన చెప్పిన మార్పుతో.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాలి. ఆయనకే వదిలేస్తే మీకు హాయే. పాపను చూసుకుంటూ పర్సు చూసుకోవడం ఎంత కష్టమో ఆయనకూ తెలుస్తుంది. కానీ బటన్ సంగతి చెప్పకుండా వదిలేస్తే అదే బటన్ మళ్లీ నొక్కుతారు. నగదు ఒకరు, కార్డులు ఒకరు పట్టుకుని, రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు రసీదులు పరచుకోవడం ఇంకో దారి. ఏదైనా సరే, ఆ హోటల్ రసీదు ఆయనకు ఇప్పుడే, ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు చూపించండి. జపాన్‌లో హోటల్ డెస్క్ దగ్గర బావగారి ఎదుట చూపిస్తే ఆ ప్రయాణం అక్కడితో అయిపోతుంది.

చివరగా, మీరు అడగని ఒక సంగతి. ‘మిగిలిన 11 లక్షల డాంగ్‌లు బీరువాలో ఉన్నాయి, ఎక్కడా తీసుకోవడం లేదు’ అని రాశారు. వియత్నాం దాటాక ఆ నోట్లు మార్చడం కష్టమే. తెలిసినవాళ్లెవరైనా అటు వెళ్తుంటే ఇచ్చి వాళ్ల దగ్గర మీ డబ్బు తీసుకోండి. అయితే ఆ నోట్లు ఎక్కడివి? ఏటీఎంలో తీసినవే కదా. ఏటీఎం డబ్బులో సగం, ఫీజులతో సహా, మీ తోడికోడలు మారుమాట్లాడకుండా ఇచ్చేశారని మీరే రాశారు. అంటే ఆ 11 లక్షల్లో సగం ఆవిడవి. దాదాపు 21 డాలర్లు. మీకు రావాల్సిన ముప్పైరెండున్నరలోంచి అది తీసేస్తే ఈ ఏడాది మౌనమంతా పదకొండు డాలర్ల చిల్లర మీద నడిచింది, అదీ మీ ఇంటాయన నొక్కిన బటన్ వల్ల. ఈ ఆదివారం ఐదున్నర లక్షల డాంగ్‌లు ఒక కవర్లో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. ‘అక్కా, ఇవి నీవి, నేను చూసుకోలేదు’ అనండి. రసీదు కూడా పట్టుకెళ్లండి. ఆవిడ అడిగితే అప్పుడు తీయొచ్చు.